ఆగస్టు 1 సాయంత్రం 5 గంటల సైరన్, గోడల మీద లంగరు గుర్తు: వార్సాకు కొత్తగా వచ్చినవాళ్ళ కోసం

తమ్ముడూ, నీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వార్సా వచ్చి రెండు వారాలే అయింది. ఆగస్టు 1న ట్రామ్‌లో వెళ్తుంటే సాయంత్రం సరిగ్గా 5కి సైరన్లు మోగాయి, ట్రామ్ నడిరోడ్డు మీద ఆగిపోయింది, లోపల కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు, కార్లన్నీ హారన్ కొట్టాయి, దూరంగా ఎర్ర పొగ కనిపించింది. యుద్ధం ఇక్కడిదాకా వచ్చిందేమోనని టెన్షన్ పడ్డావు. నిమిషం తర్వాత ఎవరి దారిన వాళ్ళు పోయారు. అప్పటి నుంచి గోడల మీద, టీషర్టుల మీద, కార్ల వెనక లంగరు లాంటి ఒక గుర్తు కనిపిస్తోంది. అదేమిటి, దీనికి సంబంధించి ఏం చూడాలి, అలాంటప్పుడు మనం ఏం చేయాలి అని అడిగావు.

నేను ఇక్కడ 11 ఏళ్ళుగా ఉంటున్నాను, అదీ వోలా పేటలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఊరు తిప్పే పని నా మీదే పడుతుంది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, టీ పెట్టుకుని చదువు.

ముందు సంగతేమిటో చెప్తాను. 1944 ఆగస్టు 1న సాయంత్రం 5 గంటలకు, జర్మన్ల ఆక్రమణలో ఉన్న వార్సాలో పోలిష్ రహస్య సైన్యం తిరుగుబాటు మొదలుపెట్టింది. ఆ సైన్యం పేరు ఆర్మియా క్రయోవా, ఇక్కడ అందరూ ఎ.కె. అంటారు. ఆ సమయానికి వాళ్ళు పెట్టుకున్న సంకేతనామం ‘వు గంట’. పోలిష్‌లో డబ్ల్యు అక్షరాన్ని ‘వు’ అని పలుకుతారు. సోవియట్ సైన్యం విస్తులా నది అవతలి ఒడ్డుకు వచ్చేస్తోంది, అది రాకముందే రాజధానిని మనమే విడిపించుకోవాలన్నది ఆలోచన. కొద్ది రోజుల్లో అయిపోతుందనుకున్నారు. 63 రోజులు సాగింది. సోవియట్ సైన్యం నది దగ్గర ఆగిపోయింది. అక్టోబరు 2న తిరుగుబాటుదారులు లొంగిపోయారు. వాళ్ళలో 16 వేల మందికి పైగా చనిపోతే, మామూలు జనం లక్షన్నర నుంచి 2 లక్షల దాకా పోయారని అంచనా. మిగిలినవాళ్ళను లక్షల సంఖ్యలో వార్సా పక్కనున్న ప్రూష్కుఫ్ క్యాంపు మీదుగా తరిమేశారు. ఆ తర్వాత ఖాళీ ఊరిని జర్మన్లు ఇల్లిల్లూ లెక్కపెట్టి తగలబెట్టారు, పేల్చేశారు.

అంటే నువ్వు నిలబడింది ఓడిపోయిన పోరాటం కోసం. గెలుపు పండగ అయితే పటాకులు కాలుస్తారు. ఇక్కడ మోగేది సైరన్.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఇక్కడ పొరబడతారు. వార్సాలో తిరుగుబాట్లు రెండు. 1943 ఏప్రిల్ 19న మొదలైంది ఘెట్టో తిరుగుబాటు, అంటే జర్మన్లు యూదులను బంధించి ఉంచిన పేటలో జరిగింది, అది యూదులది. 1944 ఆగస్టుది ఊరు మొత్తానిది. రెండింటికీ గుర్తులు వేరు, స్మారకాలు వేరు, తేదీలు వేరు. ఘెట్టో సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు లంగరు. పోలిష్‌లో ‘కొత్‌విత్సా’ అంటే లంగరనే అర్థం. జాగ్రత్తగా చూడు, అది నిజానికి రెండు అక్షరాలు. పైన పి, కింద డబ్ల్యు. పి నిలువు గీత కిందికి దిగి డబ్ల్యు నడిమి మొనలో కలుస్తుంది, డబ్ల్యు రెండు చేతులూ అటూ ఇటూ వంగి పైకి లేస్తాయి. ‘పోల్స్కా వాల్చొంత్సా’, అంటే ‘పోరాడుతున్న పోలండ్’ అనే మాటకు పొడి అక్షరాలు అవి. లంగరు ఆశకు పాత క్రైస్తవ గుర్తు కూడా కాబట్టి, చూసినవాళ్ళకు రెండు అర్థాలూ ఒకేసారి తగిలేవి. ఆ రెండక్షరాలకు అంతకుముందే ఒక చరిత్ర ఉంది. 1939 డిసెంబరులో వార్సా శివారు వావెర్‌లో జర్మన్లు 100 మందికి పైగా మామూలు జనాన్ని కాల్చి చంపారు. ‘వావెర్‌కు పగ తీర్చుకుంటాం’ అనే మాటకు పోలిష్‌లో వచ్చే పొడి అక్షరాలు కూడా పి, డబ్ల్యులే. గోడల మీద రాసే స్కౌట్ కుర్రాళ్ళ దళం పేరు కూడా ‘వావెర్’.

నాకు ఈ గుర్తులో బాగా నచ్చేది దాని పనితనం. ఒక కాగితం తీసుకుని గీసి చూడు. రెండు మూడు గీతల్లో అయిపోతుంది. సుద్దతోనో, రంగు ముంచిన బ్రష్షుతోనో చీకట్లో, వీధి చివర గస్తీ బూట్ల చప్పుడు వినిపిస్తుంటే గీయాల్సిన గుర్తు అది. పట్టుబడితే జైలు, క్యాంపు, చావు. డిజైన్ పాఠం చెప్పే ఎవరికైనా ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

గీసిన అమ్మాయి పేరు అన్నా స్మోలెన్‌స్కా. రహస్యంగా నడిచే వార్సా విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర విద్యార్థిని, స్కౌట్. 1942లో ఎ.కె. ప్రచార విభాగం పోటీ పెడితే ఆమె బొమ్మను ఎంచుకున్నారు. 1942 మార్చి 20న వార్సా గోడల మీద మొదటిసారి అది కనిపించింది. అదే ఏడాది నవంబరులో గెస్టాపో, అంటే జర్మన్ రహస్య పోలీసు దళం, ఆమెను పట్టుకుంది. 1943 మార్చి 19న జర్మన్ల ఆష్‌విట్జ్ మరణ శిబిరంలో చనిపోయింది. 23 ఏళ్ళు. తన గుర్తు గోడకెక్కి సరిగ్గా ఏడాది కావడానికి ఒక్క రోజు తక్కువ. అంటే 1944 తిరుగుబాటును ఆమె చూడనేలేదు. గుర్తు ముందు పుట్టింది, తిరుగుబాటు తర్వాత వచ్చింది. చాలామంది దీన్ని తిరుగుబాటు జెండా అనుకుంటారు, నిజానికి మొత్తం ప్రతిఘటన ఉద్యమానిదది.

నువ్వు ఆ గుర్తును నీకు తెలియకుండానే మొదటి రోజే దాటొచ్చావు. ఎయిర్‌పోర్ట్ నుంచి 175 బస్సులో వస్తుంటే ఒక విమానచోదకుడి పెద్ద కంచు విగ్రహం కనిపిస్తుంది కదా, దాని దిమ్మె మీద ఉంది. అసలు విగ్రహం యుద్ధానికి ముందు లూబ్లిన్ ఐక్యత కూడలిలో ఉండేది. యాన్ బిట్నార్ అనే స్కౌట్ కుర్రాడు 1942లో దాని దిమ్మె మీద లంగరు వేశాడు. 1943 మార్చిలో గెస్టాపో అతన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టింది. స్నేహితులు పట్టపగలు నడివీధిలో ఖైదీల బండి మీద దాడి చేసి విడిపించారు గానీ నాలుగు రోజులకే చనిపోయాడు. విగ్రహాన్ని జర్మన్లు 1944లో ధ్వంసం చేశారు. 1967లో ఇప్పుడున్న చోట మళ్ళీ నిలబెట్టారు.

ఇక స్మారకాలు. గైడు పుస్తకాలన్నీ విగ్రహం ఏ భంగిమలో ఉంది, ఎన్ని మీటర్లు అని చెప్తాయి. నా సలహా వేరే. ముందు పలక మీద ఏడాది చూడు. ఎవరి స్మారకం అన్నదానికన్నా ఎప్పుడు పెట్టనిచ్చారన్నది ఈ ఊళ్ళో ఎక్కువ చెప్తుంది. ఎందుకంటే యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఎ.కె. అంటే పడదు. ఆ సైన్యం లండన్‌లోని పోలిష్ ప్రవాస ప్రభుత్వం మాట వినేది, సోవియట్‌ను నమ్మలేదు. యుద్ధం ముగిశాక ఎ.కె. వాళ్ళు చాలామంది జైళ్ళలో మగ్గారు, కొందరిని ఉరితీశారు. అందుకని ‘తిరుగుబాటులో చనిపోయినవాళ్ళకు’ అని రాసి పెద్ద స్మారకం కట్టడానికి 45 ఏళ్ళు పట్టింది.

దాంతో ఏమైంది? మొదటి స్మారకం శ్మశానంలో లేచింది. పొవోంస్కి సైనిక శ్మశానంలో 1946 ఆగస్టు 1న ఆవిష్కరించిన రాతి స్తంభం అది. దాని మీద లాటిన్‌లో ‘గ్లోరియా విక్తిస్’ అని ఉంటుంది. ‘ఓడినవారికి కీర్తి’ అని. ‘ఓడినవాడి గతి అంతే’ అనే పాత రోమన్ మాటను తిరగేసి చెప్పారన్నమాట. చుట్టూ ఎ.కె. దళాల సమాధులు, కొన్ని వరుసల్లో తెల్లటి బర్చ్ కొమ్మలతో చేసిన శిలువలు. ప్రభుత్వం ఊరుకున్నా, ఊరుకోకపోయినా జనం ఏటా ఆగస్టు 1న 5 గంటలకు ఇక్కడికే చేరేవారు. ఎవరెవరు వస్తున్నారో పోలీసులు రాసుకునేవారు. ఇప్పుడు అధికారిక కార్యక్రమం కూడా అదే చోట, అదే నిమిషంలో జరుగుతుంది. నన్ను ఒక్కటే చూపించమంటే ఇదే చూపిస్తాను.

వీధుల్లో నడుస్తుంటే గోడలకు బూడిదరంగు రాతి పలకలు కనిపిస్తాయి, వెడల్పాటి శిలువ బొమ్మతో. శిల్పి కరోల్ త్ఖోరెక్ 1949లో చేసిన నమూనా అది. అన్నిటి మీదా ఒకే మాట: మాతృభూమి స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చిన పోల్ ప్రజల రక్తంతో పవిత్రమైన చోటు. కింద తేదీ, ఇక్కడ ఇంతమందిని హిట్లర్ మనుషులు కాల్చి చంపారు అని సంఖ్య. ఎ.కె. పేరు ఉండదు, తిరుగుబాటు అనే మాట సాధారణంగా ఉండదు. 1949 అని గుర్తుపెట్టుకో, ఎందుకు లేదో తెలుస్తుంది. అలాంటి పలకలు ఊళ్ళో ఇప్పటికీ వందకు పైనే ఉన్నాయి. మా ఇంటి నుంచి కూరగాయల షాపుకు వెళ్ళే దారిలోనే రెండున్నాయి. మొదట్లో నీళ్ళ మీటరు బోర్డుల్లా దాటుకుపోయేవాణ్ణి. ఒక చలికాలం సాయంత్రం మంచులో ఒక పలక కింద గాజు బుడ్డిలో దీపం వెలుగుతూ కనిపించింది. దగ్గరికెళ్ళి చదివితే సంఖ్య వందల్లో ఉంది.

వోలాలో ఈ పలకలు ఎందుకంత దట్టంగా ఉన్నాయంటే, 1944 ఆగస్టు 5 నుంచి 7 దాకా ఈ పేటలో జర్మన్ దళాలు ఇళ్ళల్లోంచి, ఆసుపత్రుల్లోంచి జనాన్ని బయటికి లాగి చంపాయి. 30 వేల నుంచి 50 వేల మంది అని అంచనా. శవాలను అక్కడే కాల్చారు. 1946 ఆగస్టులో ఆ బూడిదను పోగుచేసి వందకు పైగా పేటికల్లో ఊరేగింపుగా తీసుకెళ్ళి వోలా శ్మశానంలో పూడ్చారు. దాదాపు 12 టన్నుల బూడిద. మనుషుల లెక్క తెలియక బరువు లెక్క చెప్పుకుంటున్నారు, అదీ విషయం. దాని మీద 1973లో శిల్పి గుస్తావ్ జెమ్వా చేసిన విగ్రహం ఉంది, డాలు పట్టుకుని నేలకొరుగుతున్న మనిషి. పేరు ‘నేలకొరిగినా ఓడనివారు’. టూరిస్టు బస్సులు ఇక్కడికి రావు.

పాతబస్తీలో పొద్‌వాలె వీధి కోట గోడ దగ్గరుండే చిన్న కుర్రాడి విగ్రహం మాత్రం అందరికీ తెలుసు. చిన్న తిరుగుబాటుదారు. తలకు మించిన హెల్మెట్, కాళ్ళకు మించిన బూట్లు, మెడలో తుపాకీ. శిల్పి యెజీ యార్నుష్కెవిచ్ దీన్ని 1946లోనే చేశాడు. చిన్న చిన్న బొమ్మలుగా ఇళ్ళల్లో తిరిగింది, కానీ వీధిలోకి రావడానికి 1983 అక్టోబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది. డబ్బు స్కౌట్లు పోగుచేశారు. 1983లో ఇదెలా ఒప్పుకున్నారు? నా అంచనా ఏమిటంటే, పసివాడికి పార్టీ ఉండదు కాబట్టి. ఈ విగ్రహం మీద నాకు కొంచెం పేచీ ఉంది. చిన్నపిల్లలందరూ తుపాకులు పట్టినట్టు ఒక అభిప్రాయం కలిగిస్తుంది. నిజానికి చిన్న వయసు స్కౌట్లు ఎక్కువగా చేసింది తపాలా పని. ఆగస్టు 6 నుంచి స్కౌట్ తపాలా నడిచింది. ఉత్తరానికి 25 మాటలే పరిమితి, డబ్బు తీసుకునేవారు కాదు. ఆ ఉత్తరాలు భుజాన వేసుకుని గుండ్ల మధ్య పరిగెత్తిన పిల్లలే ఎక్కువ. తుపాకీ బదులు సంచీ ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. ఈ మాట ఇక్కడి స్నేహితుడితో అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు పెద్ద స్మారకం క్రాషిన్‌స్కి కూడలిలో ఉంది. శిల్పి విన్సెంతి కుచ్మా, వాస్తుశిల్పి యాత్సెక్ బుదిన్. 1989 ఆగస్టు 1న ఆవిష్కరించారు. అదే ఏడాది జూన్‌లో జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఎదిరించిన కార్మిక సంఘం సాలిడారిటీ గెలిచింది, కమ్యూనిస్టు పాలన కూలిపోతున్న వేసవి అది. ఏడాది చూడమన్నది ఇందుకే. రెండు గుంపుల విగ్రహాలు. ఒక గుంపు కూలుతున్న కట్టడం కింద నుంచి పరిగెత్తుకొస్తుంది, ఇంకో గుంపు మ్యాన్‌హోల్‌లోకి దిగుతుంది. కళగా నాకు అంత గొప్పగా అనిపించదు, కాస్త నాటకం ఎక్కువ. కానీ ఆ రెండో గుంపును చూశాక రోడ్డు దాటి ద్వూగా వీధి మూలకు వెళ్ళు. అక్కడ అసలు మ్యాన్‌హోల్ ఉంది. సెప్టెంబరు మొదట్లో పాతబస్తీ ఇక నిలవదని తేలాక, 5 వేల మందికి పైగా ఆ రంధ్రంలోంచే దిగి మురుగు కాలువల్లో నడుచుకుంటూ ఊరి నడిబొడ్డుకు చేరారు. పైన జర్మన్లు, మూత తెరిచి గ్రెనేడ్ వేస్తారేమోనని మాట్లాడకుండా, దీపం లేకుండా, ముందున్నవాడి బట్ట పట్టుకుని. వారెత్స్కా వీధిలో పైకి తేలారు. గూగుల్ మ్యాప్స్‌లో అది అరగంటలోపు నడక. వాళ్ళకు గంటలు పట్టింది.

1994లో 50 ఏళ్ళ సభకు జర్మనీ అధ్యక్షుడు రోమన్ హెర్ట్‌సోగ్ వచ్చి ఈ విగ్రహం ముందే క్షమాపణ అడిగాడు.

తిరుగుబాటు మ్యూజియం వోలాలోనే, ప్షిఒకొపోవా వీధిలో. ట్రామ్‌లకు కరెంటు ఇచ్చిన పాత విద్యుత్ కేంద్రం భవనం. 60 ఏళ్ళ సందర్భానికి 2004 జూలై 31న తెరిచారు. లోపల ఒక ఉక్కు గోడలోంచి గుండె చప్పుడు వినిపిస్తుంటుంది. 63 రోజుల క్యాలెండర్ కాగితాలు చించుకుంటూ తిరగొచ్చు. బయట తోటలో గోడ మీద చనిపోయిన తిరుగుబాటుదారుల పేర్లు 10 వేలకు పైగా. లోపల హడావుడి, శబ్దాలు ఎక్కువ. మూడు గంటలు పెట్టుకుని వెళ్ళు, చివరి అరగంట ఆ గోడ దగ్గర గడుపు.

లంగరు గుర్తు దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నువ్వు ‘ఆ టీషర్టు కొనుక్కోవచ్చా’ అని కూడా అడిగావు. కమ్యూనిస్టు కాలంలో ఆ గుర్తును ప్రభుత్వ వ్యతిరేకులు మళ్ళీ గోడలకెక్కించారు. 1982లో పుట్టిన ‘పోరాడే సాలిడారిటీ’ అనే సంస్థ దాన్నే మార్చి తన గుర్తు చేసుకుంది. ఇప్పుడు పచ్చబొట్లు, బీరు తాగేవాళ్ళ జాకెట్లు, ఫుట్‌బాల్ అభిమానుల స్కార్ఫ్‌లు, అన్నిటి మీదా ఉంది. రకరకాల రాజకీయాలవాళ్ళు మాదంటే మాదంటారు. 2014లో దాని రక్షణకు ప్రత్యేకంగా చట్టమే చేశారు. అది జాతి మొత్తానికి చెందిన ఆస్తి, దాన్ని బహిరంగంగా అవమానిస్తే జరిమానా.

నా సొంత తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. రెండో ఏడాది, ఊరి మీద ప్రేమ పొంగి ఆ గుర్తు స్టిక్కర్ కొని సైకిల్ వెనక మడ్‌గార్డుకు అంటించాను. ఆఫీసులో ఒక పెద్దాయన రెండు వారాలు చూసి చూసి ఒక రోజు సైకిల్ స్టాండ్ దగ్గర ఆపాడు. కోపంగా ఏమీ అనలేదు. జేబురుమాలు తీసి స్టిక్కర్ మీది బురద తుడిచి, ‘మా అత్త దీన్ని చేతికి కట్టుకునే చనిపోయింది’ అన్నాడు. మధ్యాహ్నానికి పీకేశాను. కాబట్టి బ్యాడ్జి పెట్టుకో, టీషర్టు వేసుకో, ఎవరూ ఏమీ అనరు, సంతోషిస్తారు కూడా. కాలికింద పడేది, బురద అంటేది, తాగి తందనాలాడే చోటికి వేసుకెళ్ళేది మాత్రం వద్దు.

వచ్చే ఆగస్టు 1న ఏం చేయాలంటే, పెద్దగా ఏమీ లేదు. 5కి సైరన్ మోగితే ఎక్కడుంటే అక్కడ ఆగు, టోపీ ఉంటే తియ్యి, ఫోన్ జేబులో పెట్టు. ఒక నిమిషమే. సిగ్నల్ పచ్చగా ఉన్నా రోడ్డు దాటకు. ద్మొఫ్‌స్కి కూడలిలో జనం ఎర్ర మంటలు, పొగ వెలిగిస్తారు, నువ్వు చూసింది అదే. గొడవ కాదు, కానీ ఆస్తమా ఉంటే అటు వెళ్ళకు. రాత్రి పిల్సుద్‌స్కి కూడలిలో వేలమంది కలిసి ఆనాటి పాటలు పాడతారు, పాటల పుస్తకం చేతికిస్తారు. పోలిష్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి క్లాసు లేదు. ఆగస్టు 1ని జాతీయ స్మృతి దినం చేస్తూ 2009లో చట్టం చేశారు, కానీ సెలవు కాదు.

ఒక్క హెచ్చరిక. ‘ఓడిపోతామని తెలిసీ ఎందుకు చేశారు, అంతమంది చనిపోయారు కదా’ అని లంచ్ టేబుల్ దగ్గర అడగకు. అడగకూడని ప్రశ్న అని కాదు. వాళ్ళలో వాళ్ళే 1944 నుంచి దాని మీద కొట్లాడుకుంటున్నారు, ఒకే ఇంట్లో అన్న ఒకటి, తమ్ముడు ఒకటి అంటారు. ముందు విను, ఆరు నెలల తర్వాత అడుగు.

ఇక ఘెట్టో. ఏప్రిల్ 19న వీధుల్లో కాగితపు పసుపు పూల బ్యాడ్జీలు పంచుతారు, డాఫడిల్ పూలు. ఆ తిరుగుబాటు నాయకుల్లో చివరిదాకా బతికిన మారెక్ ఎడెల్మన్‌కు ఏటా ఆ రోజు ఎవరో పేరు చెప్పకుండా పసుపు పూలు పంపేవారట, ఆయన వాటిని స్మారకం దగ్గర పెట్టేవాడు. ఆ పూవే గుర్తయింది. స్మారకం పోలండ్ యూదుల చరిత్ర చెప్పే పొలిన్ మ్యూజియం ఎదురుగా ఉంది, 1948లో నేథన్ రాపొపోర్ట్ చేసింది. ఆ రాయి జర్మన్లు తమ విజయ స్మారకాల కోసం స్వీడన్‌లో ఆర్డర్ చేసిందే. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విలీ బ్రాంట్ మోకరిల్లింది దీని ముందే. ఇక్కడ పూలకన్నా చిన్న గులకరాయి పెట్టడం యూదుల పద్ధతి.

ఈ ఏడాది నీకింకా ఒకటి మిగిలి ఉంది. చెర్నియాకుఫ్‌లో, బార్తిత్స్కా వీధి వైపు, యుద్ధంలో కూలిన ఊరి శిథిలాలను కుప్పపోస్తే ఏర్పడిన గుట్ట ఉంది. దానికే తిరుగుబాటు గుట్ట అని పేరు పెట్టారు. 2023లో పార్కులా బాగుచేశారు. దారి పక్కన మట్టి కోసిన చోట పాత ఇటుకలు, టైల్స్ ముక్కలు అలాగే కనిపిస్తాయి. శిఖరాన పెద్ద లంగరు గుర్తు. ఆగస్టు 1 రాత్రి అక్కడ వెలిగించిన మంటను స్కౌట్లు, వాలంటీర్లు వంతులవారీగా కాపలా కాస్తూ 63 రోజులు ఆరకుండా చూస్తారు. అక్టోబరు 2 దాకా ఉంటుంది. చీకటి పడ్డాక వెళ్ళు. మెట్లు చాలానే ఉన్నాయి, పైన గాలి గట్టిగా కొడుతుంది, జాకెట్ మర్చిపోకు.